గొట్టాల డాక్టరు చార్లెస్ డాటర్

మన కాలేజీలో ఎవరినైనా ఆపి ఒక గొప్ప ఇంజనీరు పేరు చెప్పమంటే విశ్వేశ్వరయ్య గారి పేరో, కె.ఎల్. రావు గారి పేరో చెప్తారు. సాగర్ నీళ్లతో పెరిగిన పల్నాడు పిల్లలం, ఇంకో పేరు ఎలా వస్తుంది? కానీ ఈ సంచికకి నేను రాస్తున్నది ఒక డాక్టరు గురించి. ఆయన జీవితం చదువుతున్నంతసేపూ నాకు ఆస్పత్రి కన్నా మన వర్క్‌షాపే ఎక్కువ గుర్తొచ్చింది. తీగలు, గొట్టాలు, స్ప్రింగులు, మంట, జిగురు. వీటితోనే ఆయన వైద్యంలో ఒక కొత్త శాఖకి దారి వేశాడు.

ఆయన పేరు చార్లెస్ థియోడర్ డాటర్. అమెరికాలో రేడియాలజిస్టు, అంటే ఎక్స్‌రేల డాక్టరు. 1920లో పుట్టి 1985లో చనిపోయాడు.

మాచర్లలో గానీ గురజాలలో గానీ ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒక మాట వినపడుద్ది. ఫలానా ఆయనకి గుండెపోటొచ్చింది, గుంటూరు తీసుకెళ్లి స్టంట్ వేయించారు, నాలుగు రోజులకి ఇంటికొచ్చేశాడు అని. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సూది గుచ్చి, గుండె దాకా వెళ్లి బాగుచేసి రావడం ఇప్పుడు మనకి మామూలు సంగతి. అరవై ఏళ్ల కిందట ఈ ఆలోచన చెప్పిన మనిషిని తోటి డాక్టర్లే పిచ్చోడన్నారు. ఇంకో సంగతి ఉంది. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే ఆ దారిలోనే వెళ్లి, తప్పుగా పుట్టిన రక్తనాళాల్ని మూసేయొచ్చు కూడా. మొదటిది మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. రెండోది చాలామందికి తెలియదు. తెలియకపోతే ఒక్కోసారి చెయ్యో కాలో పోతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

విప్పి చూసే పిల్లాడు

డాటర్ 1920 జూన్ 14న బోస్టన్‌లో పుట్టాడు. చిన్నప్పట్నుంచీ యంత్రం కనపడితే చాలు, విప్పి చూసి, లోపల ఏముందో కనుక్కుని, మళ్లీ బిగించే రకం. మన హాస్టల్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు, కాకపోతే బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలిపోతుంటాయి. 1941లో డ్యూక్ యూనివర్సిటీలో డిగ్రీ, 1944లో కార్నెల్‌లో మెడిసిన్ పూర్తిచేశాడు. న్యూయార్క్ ఆస్పత్రిలో హెడ్ నర్సుగా ఉన్న పమేలాని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత రేడియాలజీ వైపు వెళ్లాడు.

ఆ రోజుల్లో రేడియాలజిస్టు అంటే చీకటి గదిలో కూర్చుని ఫిల్ములు చూసి రిపోర్టు రాసే మనిషి. జబ్బు ఎక్కడుందో చూపించడం వరకే ఆయన పని. బాగుచేసేది సర్జన్. డాటర్ బతుకంతా ఈ గీత చెరపడంతోనే గడిచింది.

ఆయనకి ముందు నడిచిన కథ కాస్త చెప్పుకుంటేనే ఆయన ఏం చేశాడో అర్థమవుతుంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. ఎముకలు కనపడ్డాయి గానీ రక్తనాళాలు కనపడలేదు. 1927లో పోర్చుగల్‌కి చెందిన ఈగాస్ మోనిజ్, ఎక్స్‌రేకి కనపడే మందుని మెడలోని రక్తనాళంలోకి ఎక్కించి మెదడులోని రక్తనాళాల బొమ్మ తీశాడు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు తన చేతి రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని తనే తన గుండె దాకా తోసుకుని, నడుచుకుంటూ వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ చాలా సులువైన పద్ధతి ఒకటి చెప్పాడు. ముందు సూది గుచ్చాలి. సూదిలోంచి మెత్తటి తీగ పంపాలి. సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించాలి. కోత లేదు, కుట్లు లేవు. ఈ గొట్టాన్నే కాథెటర్ అంటారు. ఈ రోజుకీ ప్రతి కాథ్ ల్యాబులో పని మొదలయ్యేది ఇలాగే.

డాటర్ మొదట పట్టుకున్న సమస్య పూర్తిగా మన లాంటి వాళ్ల సమస్య. మందు ఎక్కించాక అది రక్తంతో పాటు క్షణాల్లో కొట్టుకుపోతుంది. ఒక ఫిల్ము తీసి మార్చి ఇంకోటి పెట్టేలోపు ఏమీ మిగలదు. అందుకని 1950 ప్రాంతంలో, కార్నెల్‌లో ఉన్నప్పుడే, సెకనుకి రెండు బొమ్మలు తీసేలా దానంతటదే ఫిల్ము జరిగే రోల్ ఫిల్ము యంత్రం తయారుచేశాడు. రక్తం ఎటు వెళ్తోంది, ఎక్కడ ఆగుతోంది అనేది వరసగా చూడటం వీలైంది. 1952లో పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ మెడికల్ స్కూలు ఆయన్ని రేడియాలజీ శాఖకి పెద్దగా పిలిచింది. అప్పటికి ఆయనకి 32 ఏళ్లు. చనిపోయేదాకా 33 ఏళ్లు అదే కుర్చీలో ఉన్నాడు.

అనుకోకుండా తెరుచుకున్న దారి

1963లో ఒక పేషెంటుకి కిడ్నీకి వెళ్లే రక్తనాళం ఇరుకైంది. దాని బొమ్మ తీయడానికి డాటర్ తొడ దగ్గర్నుంచి కాథెటర్‌ని పైకి పంపాడు. తర్వాత తెలిసిందేంటంటే, ఆ దారిలో తుంటి దగ్గరి పెద్ద రక్తనాళం అప్పటికే మూసుకుపోయి ఉంది. కాథెటర్ దాన్ని దూసుకుంటూ పైకి వెళ్లిపోయింది. రక్తనాళం చిరగలేదు. పైగా దారి తెరుచుకుంది.

ఇంకొకరైతే ఊపిరి పీల్చుకుని, ఈ గండం గడిచిందిలే అనుకుని వదిలేసేవాళ్లు. అనుకోకుండా అయినపని కావాలని చేస్తే ఎట్లా ఉంటుందా అని డాటర్ ఆలోచించాడు. అదే ఏడాది జూన్‌లో చెకొస్లొవేకియాలోని కార్లొవీ వారీలో జరిగిన రేడియాలజీ సభలో మాట్లాడుతూ, కాథెటర్ బొమ్మలు తీయడానికి మాత్రమే కాదని, ఊహ ఉంటే అది సర్జరీ చేసే పరికరం కూడా అవుతుందని చెప్పాడు. విన్నవాళ్లకి అది కలలాగే ఉండి ఉంటుంది. ఏడాది తిరక్కుండానే ఆయన చేసి చూపించాడు.

1964 జనవరి 16. పేషెంటు 82 ఏళ్ల పెద్దావిడ. కాలికి రక్తం అందక పాదం కుళ్లుతోంది, నొప్పితో నిద్ర లేదు. సర్జన్లు కాలు తీసేయాలన్నారు. ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. ఇక వేరే దారి లేక డాటర్ దగ్గరికి పంపారు. తొడలోని రక్తనాళం ఒకచోట కొద్ది మేర బాగా ఇరుకై ఉంది. డాటర్ ఆ ఇరుకులోంచి ముందు తీగ పంపాడు. తీగ మీదుగా సన్నటి టెఫ్లాన్ గొట్టం, దాని మీదుగా ఇంకాస్త లావు గొట్టం తోశాడు. ఇరుకు సాగింది. పాదం వెచ్చబడింది. నొప్పి తగ్గింది, పుండ్లు మానాయి. ఆవిడ ఆ తర్వాత రెండున్నరేళ్లకి న్యుమోనియాతో చనిపోయే దాకా ఆ రక్తనాళం తెరుచుకునే ఉంది, ఆవిడ తన కాళ్ల మీదే నడిచింది.

ఇక్కడ మన ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసు ఒకసారి గుర్తుచేసుకోండి. గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో పెరుగుతుందని హేగన్, పాయిజల్ సూత్రం. అంటే వ్యాసార్థం రెట్టింపైతే ప్రవాహం పదహారు రెట్లు. కొంచెం సాగదీసినా కాలు దక్కడానికి కారణం ఇదే. పరీక్ష కోసం బట్టీపట్టే ఆ సూత్రం వెనకున్న పాయిజల్ ఫ్రెంచి డాక్టరు. ఆయన సన్నటి గాజు గొట్టాలతో కుస్తీ పట్టింది రక్తం ఎట్లా పారుతుందో తెలుసుకోవడానికే.

గిటారు తీగలు, హోటల్ గదిలో మంట

ఆ కొత్త వైద్యానికి పనిముట్లు ఏ షాపులోనూ దొరికేవి కాదు. డాటరే చేసుకునేవాడు. గిటారు తీగలు, కారు స్పీడోమీటరు కేబుళ్లు, కరెంటు వైరు మీది ప్లాస్టిక్ తొడుగు, ఏది పనికొస్తే అది. 1963లో చికాగోలో జరిగిన రేడియాలజీ సభలో బిల్ కుక్ అనే ఆయన చిన్న స్టాలు పెట్టుకుని కూర్చున్నాడు. మంట మీద గొట్టాన్ని వేడిచేసి కాథెటర్లు ఎట్లా చేయాలో చూపిస్తున్నాడు. డాటర్ కాసేపు నిలబడి చూసి, ఆ మంట పరికరాన్ని ఆ రాత్రికి అరువడిగి హోటల్ గదికి పట్టుకెళ్లాడు. తెల్లారేసరికి పది టెఫ్లాన్ కాథెటర్లు చేసి తెచ్చాడు. కుక్ వాటిని ఆ రోజే ఒక్కోటి పది డాలర్లకి అమ్మేశాడు. ఇంట్లో ఒక గదిలో మొదలుపెట్టిన కుక్ వ్యాపారం తర్వాత ప్రపంచంలో పెద్ద వైద్య పరికరాల కంపెనీల్లో ఒకటైంది.

సర్జన్లలో మాత్రం కోపం పెరిగింది. రేడియాలజిస్టు వైద్యం చేయడమేంటని వాళ్ల బాధ. ఒక సర్జన్ అయితే పేషెంటుని పంపుతూ, బొమ్మ తీయండి చాలు, బాగుచేసే ప్రయత్నం మాత్రం చేయొద్దని కాగితం మీద రాసి మరీ పంపాడు. 1964లో లైఫ్ పత్రిక డాటర్ పనిచేస్తుండగా తీసిన ఫొటోలు వేసింది. వాటిలో ఆయన కళ్లు పెద్దవిగా చేసి, ఊగిపోతున్నట్టు కనపడతాడు. దాంతో క్రేజీ చార్లీ అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ పేరుకి తగ్గట్టు ఆయన చేసిన పనులూ ఉన్నాయి. ఒకసారి ఉపన్యాసం మొదలుపెట్టే ముందే తన చేతిలోంచి కాథెటర్‌ని తన గుండె దాకా పంపుకుని, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని వేదిక ఎక్కాడు. మధ్యలో చెయ్యి పైకి మడిచి, గొట్టాన్ని ఆసిలోస్కోపుకి తగిలించి, తన గుండె లోపలి ప్రెషరు గీతల్ని సభకి చూపించాడు. కాథెటర్ అంటే భయపడక్కర్లేదని చెప్పడానికి ఆయనకి తోచిన పద్ధతి అది. ఈ పని మీరెవరూ చేయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

పిచ్చి అనుకున్నదాని కింద లెక్క ఉంది. పైపు మూసుకుపోతే ప్లంబరు గోడంతా పగలగొట్టడు, ముందు పైపులోంచే తీగ పంపి చూస్తాడు. శరీరంలో ప్రతి మూలకీ వెళ్లే గొట్టాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఉన్న దారిలో వెళ్లకుండా కొత్త దారి కోయడమెందుకు? అందుకే ఆయన పైపు, రెంచి బొమ్మనే తన గుర్తుగా పెట్టుకున్నాడు.

అమెరికా పట్టించుకోకపోయినా యూరప్ పట్టించుకుంది. జర్మనీలో ఎబర్‌హార్డ్ జైట్లర్ ఆయన పద్ధతిని వాడి పదిమందికీ నేర్పాడు. అక్కడ ఈ వైద్యాన్ని ఆయన పేరు మీదే డాటరింగ్ అనేవాళ్లు. జైట్లర్ దగ్గర చూసి నేర్చుకున్న ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఆ గొట్టం చివర బెలూను పెట్టాడు. 1977 సెప్టెంబరు 16న జూరిక్‌లో మనిషి గుండె రక్తనాళాన్ని బెలూనుతో తెరిచాడు. తెరిచిన రక్తనాళం మళ్లీ మూసుకుపోకుండా లోపల ఒక స్ప్రింగు ఉంచితే ఎట్లా ఉంటుందని డాటర్ 1969లోనే కుక్కల మీద ప్రయోగం చేసి ప్రచురించాడు. మన రచ్చబండ స్టంట్‌కి మూలం ఆ స్ప్రింగే.

తెరిచిన చేత్తోనే మూయడం

ఇంతవరకూ చెప్పింది తెరవడం గురించి. ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను.

1967లో యోసెఫ్ రోష్ అనే చెక్ డాక్టరు డాటర్ దగ్గరికి వచ్చి చేరాడు. 1970లో వాళ్లకి ఒక పేషెంటు వచ్చాడు. పొట్టలో రక్తం కారిపోతోంది, ఆపరేషను తట్టుకునే స్థితి లేదు. వాళ్లు కాథెటర్‌ని రక్తం కారుతున్న ఆ ఒక్క రక్తనాళం దాకా పంపి, పేషెంటు సొంత రక్తాన్నే గడ్డకట్టించి ఆ ముక్కల్ని అందులోకి వదిలారు. రక్తం ఆగింది. 1972లో దీన్ని ప్రచురించారు. ఈ పద్ధతిని ఎంబొలైజేషన్ అంటారు. 1975లో డాటర్ బృందం ఇంకో అడుగు వేసి, సయనోఅక్రిలేట్ జిగురుతో రక్తనాళాన్ని క్షణాల్లో మూసేయొచ్చని రాసింది. సయనోఅక్రిలేట్ అంటే కంగారు పడకండి. మనం చెప్పు ఊడితే రాసే ఫెవిక్విక్ కూడా ఆ కుటుంబమే. రక్తం తగలగానే గట్టిపడుతుంది. మరి గొట్టంలోనే గట్టిపడకుండా? ముందుగా గొట్టాన్ని గ్లూకోజు నీళ్లతో కడుగుతారు. గ్లూకోజు నీళ్లలో అయాన్లు ఉండవు కాబట్టి అక్కడ జిగురు ద్రవంగానే ఉండి, రక్తంలోకి అడుగుపెట్టాకే గట్టిపడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీ ఎక్కడ పనికొస్తుందని అడిగేవాళ్లకి ఇదొక జవాబు.

మూసే ఆలోచన డాటర్ ఒక్కడిదే కాదు, ఆ న్యాయం చెప్పుకోవాలి. 1960లోనే అమెరికాలో లూసెన్‌హాప్, స్పెన్స్ అనే డాక్టర్లు మెదడులో తప్పుగా పుట్టిన రక్తనాళాల గుంపుని చిన్న ప్లాస్టిక్ పూసలు పంపి మూయడానికి ప్రయత్నించారు. 1974లో మాస్కోలో సెర్బినెంకో, రక్తనాళంలో విడిచిపెట్టి రాగల చిన్న బెలూన్ల గురించి రాశాడు. 1975లో జాన్‌టుర్కో రక్తనాళాల్ని మూసే లోహపు చుట్టలు తెచ్చాడు. డాటర్ చేసిందేంటంటే, కాథెటర్ పట్టుకున్న మనిషి వైద్యుడే అని నిలబెట్టడం. మిగతాదంతా ఆ నేల మీద మొలిచింది.

తప్పుగా పుట్టిన రక్తనాళాలంటే ఏంటో మన సాగర్ కుడికాలువతో చెప్తా. పెద్దకాలువ నీళ్లు మేజరులోకి, మేజరు నుంచి మైనరులోకి, అక్కడ్నుంచి పంటకాలువల్లోకి వస్తాయి. చేను తడిపాక మిగిలింది వాగులోకి పోతుంది. శరీరంలోనూ అంతే. గుండె నుంచి వచ్చే ధమనులు కాలువలు. గుండెకి తిరిగి వెళ్లే సిరలు వాగులు. మధ్యలో చేలు తడిపే పంటకాలువలు కేశనాళికలు, మిల్లీమీటరులో వందోవంతు వెడల్పు కూడా ఉండవు. ఈ సన్నటి దారులే ఒత్తిడిని తగ్గించి, కండకి రక్తం అందిస్తాయి.

కొంతమందికి పుట్టుకతోనే ఒకచోట ఈ పంటకాలువలు ఏర్పడవు. మేజరుకి గండి పడి నీళ్లు నేరుగా నాగులేరులో పడ్డట్టు, ధమని రక్తం నేరుగా సిరలో పడుతుంది. అప్పుడు రెండు నష్టాలు. చివరి చేలు ఎండిపోతాయి, అంటే ఆ పక్కన కండకి, చర్మానికి రక్తం చాలదు. వాగు పొంగుద్ది, అంటే ఆ ఒత్తిడికి అలవాటు లేని సిరలు ఉబ్బి, చిట్లి రక్తం కారే ప్రమాదం వస్తుంది. దీన్నే ఆర్టీరియో వీనస్ మాల్‌ఫార్మేషన్, పొట్టిగా ఏవీఎం అంటారు. వాపు వెచ్చగా ఉంటుంది, వేలు పెడితే గుండెలాగా కొట్టుకుంటుంది. పసిపిల్లల్లో పెరిగి, కొన్నేళ్లకి దానంతటదే తగ్గే హెమాంజియోమా వేరు, ఇది వేరు. 1982లో మల్లికెన్, గ్లొవాకీ ఈ తేడా స్పష్టంగా రాశారు. ఏవీఎం తగ్గదు. మనిషితో పాటే పెరుగుతుంది, ఈడొచ్చినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువగా పెరుగుతుంది.

గండిని ఎక్కడ పూడ్చాలి? ఇదే అసలు ప్రశ్న. పైన మేజరు తూము బిగిస్తే చాలుగా అనిపిస్తుంది. అంటే ఆపరేషను చేసి ఆ వైపు వచ్చే ధమనిని కట్టేయడం. కానీ గండి అట్లాగే ఉంది కదా. చుట్టుపక్కల కాలువల నీళ్లు ఆ పల్లానికే కొత్త దారులు చేసుకుంటాయి. కొన్నాళ్లకి వాపు మళ్లీ వస్తుంది, ఈసారి పది చిన్న దారుల్లోంచి. పైగా కాథెటర్ వెళ్లాల్సిన పెద్ద దారిని మనమే మూసేసుకున్నట్టు అవుతుంది. అందుకే గండి దగ్గరికే, ధమని సిరతో కలిసే ఆ గూటికే వెళ్లి, అక్కడే జిగురు గానీ ఆల్కహాలు లాంటి మందు గానీ వదలాలి. రక్తం నెమ్మదిగా పారే సిరల వాపులైతే ఇంత దూరం వెళ్లక్కర్లేదు, స్కానింగులో చూస్తూ నేరుగా సూదితో మందు ఎక్కించి లోపలి గోడల్ని అతికిస్తారు.

దీన్ని నేను పుస్తకంలోనే చదవలేదు. మా మేనత్త కూతురికి చిన్నప్పట్నుంచీ ముంజేతి మీద నీలంగా ఒక వాపు ఉండేది. గురజాల దగ్గర పల్లెటూరు వాళ్లది. ఇంటర్ చదివేటప్పుడు అది పెద్దదై, చేతి వేళ్లు చల్లబడటం మొదలైంది. ఊళ్లో ఒకావిడ వాత పెట్టిస్తే పోతుందంది. ఒక డాక్టరు కోసి తీసేద్దామన్నాడు, ఇంకో చోట ధమని కట్టేద్దామన్నారు, మరోచోట ముదిరితే చెయ్యి తీసేయాల్సి వస్తుందని భయపెట్టారు. మా అత్త మిరపచేలో కోతలకి పోతూ కూడా ఆ మాటే తలుచుకుని ఏడ్చేది. చివరికి ఒక డాక్టరు డాప్లర్ స్కాన్ తీయించి, ఇది కత్తి పని కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లండని హైదరాబాద్ పంపాడు. అక్కడ తొడ దగ్గర సూది గుచ్చి, చెయ్యి దాకా గొట్టం పంపి, కొన్ని నెలల తేడాతో మూడుసార్లు జిగురు వదిలారు. తొడ దగ్గర మిగిలింది చిన్న మచ్చ. పూర్తిగా పోయిందని చెప్పను. ఏడాదికోసారి స్కానింగుకి వెళ్తోంది, మళ్లీ పెరిగితే మళ్లీ చేస్తారట. కానీ చెయ్యి ఉంది, ఆ చేత్తోనే ఇప్పుడు డిగ్రీ పరీక్షలు రాస్తోంది.

ఈ వైద్యంలో ప్రమాదం లేదని కూడా అనుకోవద్దు. జిగురు అనుకున్నచోట ఆగకుండా ముందుకి పోవచ్చు. ఆల్కహాలు నరాన్నో చర్మాన్నో కాల్చొచ్చు. మెదడులో అయితే పక్షవాతం రావచ్చు. అందుకే ఇది అనుభవం ఉన్న చేతుల్లోనే జరగాలి. ఒక్కోసారి ముందు జిగురుతో మూసి, తర్వాత ఆపరేషను చేసి తీసేస్తారు. కత్తికీ గొట్టానికీ పోటీ కాదు, ఏది ముందు, ఏది వెనక అన్నదే లెక్క.

చివరి రోజులు

మళ్లీ డాటర్ దగ్గరికి వద్దాం. ఆయనకి కొండలెక్కే పిచ్చి కూడా ఉంది. అలాస్కా, హవాయి వదిలేస్తే మిగిలిన అమెరికాలో 14,000 అడుగులు దాటిన శిఖరాలు 67 ఎక్కాడు, యూరప్‌లో మ్యాటర్‌హార్న్ ఎక్కాడు. మధ్యలో హాడ్జ్‌కిన్స్ అనే లింఫు గ్రంథుల క్యాన్సరు వచ్చింది, రేడియేషను తీసుకున్నాడు. గుండె జబ్బు వచ్చింది. రక్తనాళాల్ని కోయకుండా తెరవొచ్చని లోకానికి చూపించిన మనిషి, తన గుండె కోసం ఛాతీ కోయించుకునే ఆపరేషనుకి ఒప్పుకోవాల్సి వచ్చింది. జబ్బుల మధ్య కూడా పని ఆపలేదు. 1983లో, వేడికి విచ్చుకునే నిటినాల్ లోహపు చుట్టల మీద ప్రయోగాలు ప్రచురించాడు. మెటలర్జీ చదివేవాళ్లకి నిటినాల్ అంటే తెలిసే ఉంటుంది, వంచినా మళ్లీ పాత ఆకారం గుర్తుపెట్టుకునే లోహం.

1978లో ఆయన పేరు నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు గానీ రాలేదు. 1985 ఫిబ్రవరి 15న పోర్ట్‌లాండ్‌లో, 64 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ ఏడాది ఈ రంగానికి చాలా చెడ్డ ఏడాది. 1964 వ్యాసాన్ని ఆయనతో కలిసి రాసిన మెల్విన్ జడ్కిన్స్ జనవరిలోనే పోయాడు. గుండె రక్తనాళాల బొమ్మ తీసే పద్ధతికి ఆద్యుడైన మేసన్ సోన్స్ ఆగస్టులో పోయాడు. బెలూను తెచ్చిన గ్రుంట్‌జిగ్ అక్టోబరులో తన సొంత విమానం కూలిపోయి మరణించాడు. నలుగురూ ఒకే ఏడాది. 1990లో ఒరెగాన్‌లో డాటర్ పేరుతో ఒక సంస్థ మొదలైంది. దాన్ని నడిపించింది యోసెఫ్ రోష్.

నాకు డాటర్‌లో నచ్చింది ఆయన ధైర్యం ఒక్కటే కాదు. ధైర్యం ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అనుకోకుండా జరిగినదాన్ని వదిలేయకపోవడం, కావాల్సిన పనిముట్టు లేకపోతే తనే చేసుకోవడం, చేసింది పేపరు రాసి అందరి ముందూ పెట్టడం, ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. ఈ రోజు మెదడులోని సన్నటి రక్తనాళాల దాకా వెళ్లే మైక్రోకాథెటర్లు, వాటి తీగలు, జిగుర్లు, ఇవన్నీ డాక్టర్లు ఒక్కళ్లే చేయలేరు. మెకానికల్, మెటలర్జీ, కెమికల్, ఎలక్ట్రానిక్స్, అన్ని బ్రాంచీల పనీ అందులో ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏ టాపిక్కూ దొరకట్లేదని తలపట్టుకునేవాళ్లు ఒక్కసారి ఇటు కూడా చూడండి.

ఇక ఇంటికెళ్లినప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ ఊళ్లో ఎవరికైనా పుట్టుకతో వచ్చిన వాపు వెచ్చగా ఉండి, వేలికి కొట్టుకుంటున్నట్టు తెలిస్తే, వాత పెట్టనివ్వొద్దు, పసర్లు కట్టనివ్వొద్దు, స్కానింగు లేకుండా కోయనివ్వొద్దు. ముందు డాప్లర్ తీయించమనండి. చెయ్యి తీసేయాలి, కాలు తీసేయాలి అని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు ఒక ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకి చూపించమనండి. పోర్ట్‌లాండ్‌లో ఆ 82 ఏళ్ల పెద్దావిడ వద్దని మొండికేయబట్టే ఈ కథ మొదలైంది.